ఉస్తాద్ సుత్తికి చరిత్ర లేదా?

మారుతి 800 చరిత్ర చెప్పమంటే అందరూ ఒకే కథ చెప్తారు. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించడం, జపాన్ సుజుకీతో పొత్తు, 796 సీసీ ఇంజను, మధ్యతరగతి కల. 2014 జనవరిలో తయారీ ఆగిపోవడంతో కథ అయిపోతుంది. అందులో ప్రభుత్వం ఉంది, కంపెనీ ఉంది, కొన్నవాడున్నాడు. వీధిలో వంద మారుతుల మధ్య తన మారుతి వేరుగా కనపడాలని కొన్నవాడు ఎవరి దగ్గరికి పరిగెత్తాడో, ఆ మనిషి మాత్రం లేడు. హైదరాబాదులో ఆ మనిషి చాలాసార్లు మావాడే. డెంటింగ్ సాయిబు, పెయింటర్ భాయ్, స్టీరియో బిగించే ఛోటూ.

మా చరిత్ర అనగానే కుతుబ్‌షాహీలు, నిజాములు, నవాబులు. నవాబు ఎక్కిన కారు అందరికీ గుర్తే. ఆ కారు సొట్ట తీసిందెవరు?

ఈ నగరంలో రేకు పని నిన్న మొన్నటిది కాదు. నిజాం ప్రభుత్వ రైల్వే 1932లోనే బస్సులు నడపడం మొదలుపెట్టింది. 1942లో పుట్టిన ఆల్విన్ మెటల్ వర్క్స్ బస్సులకు బాడీలు కట్టింది. ఊరూరా తిరిగి రాగి గిన్నెలకు కళాయి పోసిన సాయిబులు అంతకు ముందునుంచే మాలో ఉన్నారు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఎన్నో ఇళ్ళలో సర్కారీ కొలువులు పోయాయి. ఉర్దూ చదువు ఉద్యోగం దగ్గర చెల్లని కాగితమైంది. ఆ ఇళ్ళ పిల్లలు చాలామంది ఉస్తాదుల దగ్గర షాగిర్దులుగా చేరారు. తరాల తర్వాత మారుతి వచ్చేసరికి సుత్తి చేతిలో సిద్ధంగా ఉంది.

వాళ్ళు మారుతికి ఏం చేశారో వివరంగా చెప్పుకోవాలి. ఆ కారు రేకు పల్చన. ఛాసిస్ వేరుగా ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. వెడల్పు టైర్లు వెయ్యాలంటే చక్రాల పైన ఫెండర్ అంచు కోసి, కొత్త రేకు వంచి, గ్యాస్ వెల్డింగుతో అతకాలి. మంట ఒకేచోట ఎక్కువసేపు తగిలితే రేకు వంకర్లు పోతుంది. అందుకని ఉస్తాద్ ఇక్కడ కొంచెం అతికి, తడిగుడ్డతో చల్లార్చి, అక్కడ కొంచెం అతుకుతాడు. లోపలివైపు ఇనుపదిమ్మ, అంటే డాలీ, ఆనించి పైనుంచి సుత్తితో తడతాడు. ఎత్తుపల్లాలు అరచేత్తో తడిమి కనిపెడతాడు. తర్వాత పుట్టీ, నీళ్ళకాగితంతో రుద్దుడు, రంగు. ఆ రంగు పొగ మూతికి కట్టుకున్న చేతిరుమాలుతో ఆగదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాటల పెట్టె కథ గల్ఫుతో ముడిపడింది. 1970ల నుంచి అక్కడికి వలసపోయిన మావాళ్ళ సామానులో జపాన్ క్యాసెట్ డెక్కులు దిగాయి. మారుతి తలుపుల్లో పెద్ద స్పీకరు పట్టదు. వెనక సీటు పైన ప్లైవుడ్ పలక కోసి, కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు రెండు దించేవారు. డిక్కీ మొత్తం ఊఫర్ డబ్బాకే సరి. రేకు అదరకుండా లోపల తారు షీట్లు. యాంప్లిఫయరుకు వైరు నేరుగా బ్యాటరీ నుంచి, పక్కనే ఫ్యూజు. 4 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 2 ఓములే మిగులుతాయి, యాంప్లిఫయరు కాలిపోవచ్చు. ఏడో తరగతి దాటని కుర్రాడికి ఈ లెక్క నోటికొచ్చు. ఓం ఎవరో తెలీదు. బిగించాక ఖవ్వాలీ పెట్టి చూస్తాడు, ఘంటసాల పాట పెట్టి చూస్తాడు. ఆ చేత్తోనే వెనక అద్దానికి వెంకన్న నామాలు అతికిస్తాడు. 1990 డిసెంబరు అల్లర్లలో పాతబస్తీకి కర్ఫ్యూ పెడితే, ఏ రోజు కూలి ఆ రోజే తినే అతని ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"ఈ పని మీకు పుట్టుకతోనే వచ్చింది సాయిబూ" అని మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ మెప్పు మాకొద్దు. పుట్టుకతో ఎవరికీ సుత్తి రాదు. బడి మధ్యలో ఆగిపోతే వచ్చింది. ముస్లింలు జీతపు ఉద్యోగాల్లో తక్కువ, స్వయం ఉపాధిలో ఎక్కువ అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మోటారు రిపేరు ఆ స్వయం ఉపాధిలో ఒకటి. 2007లో ఆంధ్రప్రదేశ్ చట్టం వెనకబడిన ముస్లిం సమూహాలు పద్నాలుగింటిని గుర్తించింది. రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళ పేరు అందులో ఉంది. కారు రేకు కొట్టేవాడు షేక్ అయితే ఆ పేరుతో లెక్కలోకి వస్తాడు. పనివాడిగా రాడు.

ఇప్పుడు చట్టం కూడా బిగిసింది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లో అంది. కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో తీర్పిచ్చింది. కోసిన స్ప్రింగులు, బలహీనపడిన బాడీ ప్రాణాలు తీస్తాయి, కాదనం. కానీ ఆ పని మీదే బతికినవాడికి వేరే దారి చూపించే పూచీ ఎవరిది? ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని పక్కనపెట్టి సర్టిఫికెట్ ఏదని అడిగితే అతనేం చూపిస్తాడు?

ఇంకా బతికున్న ఉస్తాదుల దగ్గర మేం కూర్చోవాలి. వాళ్ళ పనిమాటలు, ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న వరస, వాళ్ళ దగ్గు సంగతీ రాసుకోవాలి. ఉర్దూలో రాస్తే మా ఇళ్ళలోనే ఉండిపోతుంది. తెలుగులోనూ రాయాలి. ఆ కార్లెక్కి తిరిగినవాళ్ళు చదవాలి గదా.