ఏరోజెల్ పదార్థాల ఉష్ణనిరోధకత: చరిత్ర

జెల్‌లోని ద్రవాన్ని తొలగించి, దాని ఘనమైన అల్లిక మాత్రం కుంగిపోకుండా నిలిపితే, ఖాళీలలో గాలి నిండి ఏర్పడే అతి తేలికైన పదార్థమే ఏరోజెల్. మామూలుగా ఆరబెట్టిన జెల్‌ను ద్రవపు తలతన్యత లోపలికి లాగి కుదించివేస్తుంది కనుక, ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే సందిగ్ధ స్థితిని దాటించి దానిని వెలికితీసే పద్ధతిని అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు శామ్యూల్ స్టీఫెన్స్ కిస్ట్లర్ 1931లో ప్రకటించాడు. సిలికాతోనే కాక అల్యూమినాతోనూ ఆయన ఏరోజెల్‌లు చేశాడు.

సాధారణ పీడనం వద్ద గాలి అణువు మరో అణువును ఢీకొనేలోపు సగటున 70 నానోమీటర్ల దూరం పోతుంది. సిలికా ఏరోజెల్ రంధ్రాలలో అధికభాగం అంతకన్నా చిన్నవి కావడంతో అణువులు గోడలకే తగిలి, ఒకదానికొకటి వేడిని అందించలేవు. అయితే ఇంత సన్నని అల్లికకు ఉపరితల వైశాల్యం విపరీతంగా ఉంటుంది; దానిని తగ్గించుకోవడానికి సుమారు 600–700 డిగ్రీల సెల్సియస్ దాటాక కణాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, రంధ్రాలు మూసుకుపోతాయి. సింటరింగ్ అనే ఈ మార్పు సిలికా కరగడానికి చాలా ముందే మొదలవుతుంది. అంటే వేడిని ఆపే గుణమే వేడికి లొంగే గుణం కూడా. ఆ తర్వాతి పరిశోధన చాలావరకు ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగింది.

అల్యూమినియం ఆల్కాక్సైడ్‌ల నుంచి పారదర్శకమైన అల్యూమినా జెల్‌లను చేసే విధానాన్ని 1975లో యోల్డాస్ వివరించాక అల్యూమినాపై ఆసక్తి పెరిగింది. ఇది సిలికాను మించి వేడికి ఓర్చుకున్నా, 1000 డిగ్రీలు దాటాక ఆల్ఫా అనే దట్టమైన స్ఫటిక రూపంలోకి మారి కుదించుకుపోతుంది. కొద్దిపాటి సిలికా కలిపితే ఆ మార్పు ఆలస్యమవుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ మరో ఇబ్బంది ముందుకు వస్తుంది: 3 నుంచి 8 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలకు సిలికా అంతగా అడ్డుపడదు. అందుకే వాటిని పీల్చే లేదా చెదరగొట్టే టైటానియం డయాక్సైడ్, సిలికాన్ కార్బైడ్ పొడులనూ, పగుళ్లను ఆపే సిరామిక్ నారనూ కలపడం ఆనవాయితీ అయింది.

పెకాలా 1989లో వివరించిన రిసార్సినాల్–ఫార్మాల్డిహైడ్ జెల్‌లను ఆరబెట్టి, గాలి తగలకుండా కాలిస్తే కార్బన్ ఏరోజెల్ వస్తుంది. జడ వాయువులో 2000 డిగ్రీలకు కూడా నిలిచే ఈ పదార్థం గాలిలో మాత్రం 500 డిగ్రీల ప్రాంతంలోనే కాలిపోతుంది కాబట్టి, ఉష్ణనిరోధకతను చెప్పేటప్పుడు పరిసర వాయువును కూడా చెప్పకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన షియాంగ్‌ఫెంగ్ డ్వాన్ బృందం, సహపరిశోధకులతో కలిసి, షట్కోణ బోరాన్ నైట్రైడ్‌తో చేసిన ఏరోజెల్‌ను వెల్లడించింది. వేడెక్కినప్పుడు వ్యాకోచించకుండా కొద్దిగా సంకోచించేలా దాని పలుచని గోడలను అమర్చడంతో, సెకనుకు సుమారు 275 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత మారినా అది బలాన్ని దాదాపు కోల్పోలేదు.