ఆబిడ్స్, నాంపల్లి దుకాణాలలో నిలుచుండే శ్రమ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: దినమంతా నిలబడి సరుకు అమ్మే విక్రేతల కాళ్ళనొప్పి, నడుమునొప్పి వ్యక్తుల శరీరబలహీనత కాదనీ, పనిస్థలపు అమరిక, కూర్చోవడాన్ని సోమరితనంగా చూసే దృష్టి కలిసి దాన్ని కొనసాగిస్తున్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆబిడ్స్, నాంపల్లి, నుమాయిష్, విక్రేతలు, కూర్చునే హక్కు.

1. ఉపోద్ఘాతం

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పరిచారకుడైన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరే ఆబిడ్స్ ప్రాంతానికి స్థిరపడింది. పొరుగున ఉన్న నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో 1938లో మొదలైన నుమాయిష్ 1946లో నేటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. జనవరి 1న మొదలై నెలన్నర సాగే ఈ ప్రదర్శనకైనా, ఏడాది పొడవునా సాగే ఆబిడ్స్ వ్యాపారానికైనా ఆధారం విక్రేతల శ్రమే.

2. పరుపు నుండి కౌంటరుకు

సంప్రదాయిక బట్టలకొట్టులో అమ్మేవారు, కొనేవారు ఎదురెదురుగా పరుపు మీద కూర్చుంటారు. గాజు కౌంటర్లు, నిలువెత్తు అరలు గల షోరూములో ఈ అమరిక మారింది. కొనేవారికి కుర్చీ దక్కింది, యజమానికి గల్లాపెట్టె దగ్గర ఆసనం మిగిలింది, విక్రేతకు మాత్రం నిలబడడమే పని అయింది. గంటల తరబడి కదలక నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి పాదాలు వాస్తాయి, సిరలు ఉబ్బుతాయి, మడమల్లో, నడుములో నొప్పి పుడుతుంది.

బరువును ఒక కాలి నుండి మరో కాలికి మార్చుకోవడం, అరకు ఆనుకోవడం, రాత్రి వేడినీళ్ళ కాపడం వంటివే విక్రేతలకు అందుబాటులో ఉన్న ఉపాయాలు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం, 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ నొప్పులకు ఇంటింటి మందులయ్యాయి. మందు ఆ రాత్రికి ఉపశమనం ఇస్తుంది, మర్నాటి పనిగంటలను మార్చలేదు.

3. భాష, చట్టం

'కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి' అనే సామెతలో కూర్చోవడం పనిలేకపోవడానికి పర్యాయం. 'గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం' యాజమాన్యానికి గుర్తు. ఈ రెండు అర్థాల మధ్య, పనిచేస్తూనే కూర్చోవలసిన శరీరానికి చోటు లేకుండా పోయింది.

చట్టం ఈ అవసరాన్ని ముందే గుర్తించింది. బ్రిటన్ 1899లోనే ముగ్గురు మహిళా విక్రేతలకు ఒక ఆసనం చొప్పున ఉండాలని శాసించింది. భారత ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవారికి ఆసనాలు కల్పించమంది. అయితే సరుకు అమ్మే దుకాణం ఫ్యాక్టరీ కాదు. కోళికోడ్ మిఠాయి వీధి మహిళా విక్రేతల ఉద్యమం ఫలితంగా కేరళ 2018లో ఈ హక్కును దుకాణాలకు విస్తరించింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. చెన్నై బట్టల దుకాణ కార్మికుల జీవితాన్ని వసంతబాలన్ 'అంగాడి తెరు' (2010) అప్పటికే తెరకెక్కించింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి కూడా ఆసనాలను యజమాని బాధ్యతల్లో చేర్చింది. అది సాధారణంగా పదిమంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురు విక్రేతలతో నడిచే చిన్న దుకాణాలు, తాత్కాలిక స్టాళ్ళు ఈ పరిధికి వెలుపలే ఉంటాయి.

4. ముగింపు

విక్రేత నొప్పికి మూలం దుకాణపు అమరికలోనూ, దాన్ని సమర్థించే విలువల్లోనూ ఉంది. కౌంటరు వెనుక ఒక స్టూలు వేయడం పెద్ద ఖర్చు కాదు. కొనేవారు లేని వేళ దానిపై కూర్చున్న విక్రేతను సోమరిగా భావించకపోవడమే అసలైన మార్పు. చిన్న దుకాణాలకూ వర్తించే నిబంధన, కూర్చున్నందుకు జీతం కోయకూడదన్న హామీ రెండూ ఉన్నప్పుడే ఆ స్టూలు హక్కు అవుతుంది.