పంతులు గారికి జ్వరం వస్తే

"మాస్టారికి జ్వరమట, ఇవాళ బడి లేదు!" అంటూ పిల్లలు పుస్తకాల సంచీ మూలకి విసిరేసి వీధిలోకి పరుగు తీస్తారు. మనమేమో "అయ్యో, మళ్ళీ సెలవా? వీడి చదువు అటకెక్కినట్టే" అని విసుక్కుంటాం. పిల్లల సంతోషం పిల్లలది, మన విసుగు మనది. ఆ జ్వరం వచ్చిన మనిషి ఎలా ఉన్నాడో అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. పాఠం చెప్పేవారికి కూడా ఒళ్ళు ఉంటుందనీ, అది అప్పుడప్పుడు మొరాయిస్తుందనీ మన సమాజం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. ఆ కథే ఈ వారం మీతో చెప్పుకుందామని.

ముందు వీధి బడుల రోజులకి వెళదాం. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరికీ ఉత్తరువు ఇచ్చి, ఊరూరా బడులెన్ని, చదివే పిల్లలెందరు అని లెక్కలు తెప్పించాడు. ఆ లెక్కలు చూసుకుని 1826లో ఆయన రాసినదాని ప్రకారం, కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు జనాభా ఉన్న రాజధానిలో 12,498 బడులు ఉన్నాయి. పిల్లవాడికి నెలకి నాలుగు అణాల నుంచి ఎనిమిది అణాల దాకా ఇచ్చేవారు. అంతా కలిపితే పంతులు గారికి నెలకి ఆరేడు రూపాయలు మించేది కాదని మన్రోయే రాశాడు. దానికి తోడు ఇంత ధాన్యం, దసరాకి ఇంటింటా ముట్టే మామూళ్ళు.

ఆ రోజుల్లో అమావాస్యకీ, పౌర్ణమికీ బడికి సెలవు ఉండేది కానీ, పంతులు గారి జ్వరానికి సెలవనేది ఎక్కడా లేదు. బడి నడిస్తే జీతం, నడవకపోతే లేదు. మరి ఆయన మంచాన పడితే? బడిలో కాస్త చదువు వచ్చిన పెద్ద పిల్లవాడు బెత్తం పుచ్చుకుని చిన్నవాళ్ళ చేత అక్షరాలు దిద్దించేవాడు. ఇది మామూలు రోజుల్లోనూ ఉన్న పద్ధతే. 1790 ప్రాంతంలో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పెద్దగా ఉన్న ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే మన పద్ధతి చూసి ముచ్చటపడ్డాడు. తన కింది ఉపాధ్యాయులు అలా నేర్పడానికి ఒప్పుకోకపోతే, ఒక చిన్న కుర్రవాడి చేతే మిగతావాళ్ళకి చెప్పించాడు. 1797లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో ఆ పద్ధతి 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో ఎంతో వ్యాపించింది. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ కూడా 1823లో, ఇది ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్నదేనని మెచ్చుకుంటూ రాశాడు. మనకి గర్వకారణమే. కానీ ఆ పెద్ద పిల్లవాడి వల్ల పంతులు గారి జబ్బు ఎవరికీ కనపడకుండా పోయిందన్న మాట కూడా నిజమే.

తరువాత దొరల కాలంలో 'ఫలితాన్ని బట్టి గ్రాంటు' అనే కొత్త ఏర్పాటు వచ్చింది. ఇది 1862లో ఇంగ్లండులో పుట్టింది. ఇనస్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింట్లో ఎంతమంది పాసయితే అంత డబ్బు. కొద్ది ఏళ్ళలోనే మద్రాసు రాజధానిలోనూ దీన్ని పెట్టారు. ఆలోచించండి, పంతులు గారు రెండు నెలలు టైఫాయిడుతో పడుకుంటే పిల్లలు వెనకబడతారు. వెనకబడితే గ్రాంటు పోతుంది. గ్రాంటు పోతే కుటుంబం పస్తు. అందుకే ఒళ్ళు కాలిపోతున్నా బడికి పోవాల్సిందే. ఇంగ్లండులో అయితే పరీక్ష నాడు జబ్బు పిల్లల్ని కూడా శాలువలు చుట్టి మోసుకొచ్చిన సందర్భాలున్నాయి. తట్టూ, కోరింత దగ్గూ ఉన్న పిల్లల్ని పదిమంది మధ్య కూర్చోబెడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

సెలవు అనేది దయ కాదు, లెక్క ప్రకారం రావాల్సినదేనని కాగితం మీద స్థిరపడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1922లో ప్రభుత్వోద్యోగులకి ఫండమెంటల్ రూల్సు వచ్చాయి. 1933లో మద్రాసు ప్రభుత్వం సెలవు నిబంధనలు చేసింది. మన రాష్ట్రం ఏర్పడ్డాక కూడా అవే ఆంధ్ర ప్రదేశ్ సెలవు నిబంధనలుగా కొనసాగాయి. వాటి ప్రకారం ఏడాది సర్వీసుకి ఇరవై రోజుల చొప్పున అర్ధజీతపు సెలవు జమ అవుతుంది. డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే దాన్నే పూర్తి జీతం మీద వాడుకోవచ్చు. కాకపోతే ఒక రోజు వాడుకుంటే ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయి. దీన్నే కమ్యూటెడ్ లీవు అంటారు. టీచర్లకి వేసవి సెలవులున్నాయి గనక, మిగతా ఉద్యోగులతో పోలిస్తే ఆర్జిత సెలవులు వాళ్ళకి బాగా తక్కువ. "మీకేమమ్మా, వేసవంతా సెలవులేగా" అని మనమూ అంటూంటాం. జబ్బు వేసవి దాకా ఆగి వస్తుందా, చెప్పండి!

ఆ పాత నిబంధనల్లో నాకు నచ్చింది మరొకటి ఉంది. ఉద్యోగి ఇంట్లో ఎవరికైనా మశూచి, కలరా, ప్లేగు లాంటి అంటురోగం వస్తే, ఉద్యోగి బాగానే ఉన్నా సరే, ఆరోగ్యాధికారి సర్టిఫికెట్ మీద 21 రోజులు, తప్పనిసరయితే 30 రోజులు ఇంటి దగ్గరే ఉండనిచ్చేవారు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి మన దేశంలో కోటిమందికి పైగా పోయారు. ఆ తరం వాళ్ళకి అంటురోగమంటే ఏమిటో బాగా తెలుసు. ఈ సెలవు ఉద్యోగి సుఖం కోసం కాదు, పక్కవాళ్ళ క్షేమం కోసం.

అయితే కాగితం మీద సెలవు ఉన్నంత మాత్రాన అయిపోలేదు. మా పెద్దమ్మ ఏకోపాధ్యాయ పాఠశాలలో టీచరుగా చేసేది. ఒక గది, ఐదు తరగతులు, ఒక్క పెద్దమ్మ. నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో ఆవిడకి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నా పది రోజులు బడికి పోయింది. ఐదో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పించి తను గోడకి జారగిలబడి కూర్చునేది. "ఎందుకే ఈ పాట్లు?" అని మా అమ్మ కేకలేస్తే ఆవిడ అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "నేను వెళ్ళకపోతే బడికి తాళం. తాళం చూసిన పిల్లలు గేదెల వెంట పోతారు. మళ్ళీ నెల తరవాత పిలిస్తే సగం మంది రారే." చివరికి మంచం పట్టి మూడు నెలలు లేవలేదు. సర్టిఫికెట్ ఆలస్యంగా చేరిందని జీతం కూడా ఆగింది. బదులు టీచరు వచ్చేసరికి పెద్దమ్మ కోలుకుని పథ్యం తింటోంది.

ఆ మాట విన్నప్పుడు తెలియలేదు గానీ, ఇప్పుడు అర్థమవుతోంది. మన్రో నాటి పెద్ద పిల్లవాడూ, మా పెద్దమ్మ బడిలో ఎక్కాలు చెప్పిన ఐదో తరగతి పిల్లలూ ఒకటే. నూట అరవై ఏళ్ళలో సెలవు చీటీ వచ్చింది గానీ, బదులు మనిషి రాలేదు. 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పెట్టి ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం ఇద్దరు టీచర్లుండాలి, వీలయితే ఒకరు స్త్రీ అయి ఉండాలి అన్నారు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం అరవై మంది పిల్లలున్న బడికి కూడా ఇద్దరు ఉండి తీరాలంది. అయినా ఒక్కరే ఉన్న బడులు ఇంకా లేకపోలేదు.

ఆడవాళ్ళకి కొన్ని మేళ్ళు జరిగాయి. 1996లో మన టీచరమ్మలకి ఏడాదికి ఐదు రోజులు అదనపు క్యాజువల్ లీవు ఇచ్చారు. 2010లో ప్రసూతి సెలవు 180 రోజులయింది. ఇవన్నీ సర్కారు బడుల మాట. చిన్న చిన్న ప్రైవేటు బడుల్లో చెప్పే అమ్మాయిల సంగతి వేరు. రోజు మానితే రోజు జీతం కోత. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు వాళ్ళలో ఎంతోమందికి జీతమే లేకపోయింది. కూరగాయలు అమ్ముకున్నవాళ్ళున్నారు, కూలికి వెళ్ళినవాళ్ళున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకి నెలకి రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించవలసి వచ్చిందంటే, మన్రో చెప్పిన ఆరేడు రూపాయల పంతులు ఇంకా మన మధ్యే ఉన్నాడన్నమాట.

అందుచేత మనం చేయగలిగిన రెండు మూడు పనులున్నాయి. పిల్లవాడికి ఆటలమ్మో, తట్టో, గవదబిళ్ళలో వస్తే "పాఠం పోతుంది" అని బడికి తోలకండి. అది ముందు పక్క పిల్లలకీ, తరవాత టీచరుకీ అంటుతుంది. బడి కమిటీ సమావేశానికి పిలిచినప్పుడు వెళ్ళి, "టీచరుకి బాగాలేకపోతే ఎవరొస్తారు?" అని గట్టిగా అడగండి. ఇక ఈసారి మాస్టారికి జ్వరమని పిల్లలు సంచీ విసిరేసి పరుగెత్తుతుంటే, ఒకణ్ణి వెనక్కి పిలిచి, "ఎలా ఉందో కనుక్కుని రా నాయనా" అని పంపించండి. బడిలో నేర్పని పాఠం అది. మనమే నేర్పాలి.