రవ్వ ఆరినది, చుక్క నిలిచినది

లఘు తరంగాల మీద దూరదేశాల కేంద్రాలను వెదకే అలవాటున్నవారికి ఒక అనుభవం తప్పక ఉండి ఉంటుంది. ముల్లును నిదానంగా త్రిప్పుతూ పోతే, ఒక దేశపు సంగీతం సన్నగిల్లి, మరొక దేశపు వార్తలు ఇంకా తేటపడక మునుపు, ఆ నడిమి సందులో ఎవరో తలుపు తట్టుతున్నట్లు ఒక సన్నని చప్పుడు తెగుతూ అతుకుతూ వినవస్తుంది. చిన్ననాట మేము దానిని యంత్రంలోని లోపమనుకొని ముల్లును ముందుకు జరిపివేసేవారము. అది లోపం కాదనీ, ఎక్కడో ఒక మనుష్యుడు మరొక మనుష్యుని పిలుస్తున్న పిలుపనీ తెలియడానికి మాకు చాలా ఏండ్లు పట్టినది.

ఆ పిలిచేవారిలో అనేకులు రేడియో ఔత్సాహికులు. జీతం కొరకు కాక, వ్యాపారం కొరకు కాక, కేవలం ఆసక్తిచేత ప్రభుత్వపు అనుమతిపత్రం పొంది, తమ ఇంటినుండియే సందేశాలు పంపుతూ అందుకొంటూ ఉండేవారు. మాటలతో సంభాషించే సాధనాలు వారికి నేడు ఉన్నవి. కంప్యూటరు సాయంతో అక్షరాలు పంపే సాధనాలూ ఉన్నవి. అయినను వారిలో ఎందరో వాటినన్నిటినీ ప్రక్కకు నెట్టి, ఒక చిన్న మీట మీద వేలుంచి, మోర్సు సంకేతాలలోనే పలుకరించుకొంటున్నారు. శామ్యూల్ మోర్సు 1844 మే 24న వాషింగ్టను నుండి బాల్టిమోరుకు తంతి మీద సందేశం పంపిననాటి విద్య, కొద్ది మార్పులతో, ఇప్పటికీ వారి చేతులలో బ్రతికి ఉన్నది.

మన ఛందస్సు తెలిసినవారికి ఈ సంకేతాలు పరాయివిగా తోచవు. చుక్క లఘువు, గీత గురువు. మన గురువునకు రెండు మాత్రల కాలమైతే, మోర్సు గీతకు మూడు చుక్కల కాలం, భేదం అంతే. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రపు ఆవలి గట్టున, న్యూఫౌండ్‌లండులో, తాను విన్నానని మార్కొనీ ప్రకటించిన ‘ఎస్’ అక్షరం మూడు చుక్కలు, అనగా మన నగణం. ఆపదలో చిక్కిన ఓడ వేసే కేక, ఎస్.ఓ.ఎస్., వరుసగా నగణ మగణ నగణాలు. ‘ఇక మీరు చెప్పండి’ అని ఎదుటివారికి వంతునిచ్చే సంకేతం గీత, చుక్క, గీత, అది రగణం. పద్యపు నడకను చెవి పట్టుకొన్నట్లే మోర్సునూ చెవియే పట్టుకొనవలెను. నేర్చినవాడు చుక్కలను లెక్కపెట్టడు, నడకను వింటాడు.

అయితే ఈ విద్య ఇప్పుడు ఎవరికి అవసరం? ఓడల రక్షణకు ఉపగ్రహాలతో కూడిన కొత్త ఏర్పాటు 1999 ఫిబ్రవరి 1 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చి, సముద్రం మీద మోర్సుకు పని లేకుండా చేసినది. ఔత్సాహికుల అనుమతికి మోర్సు పరీక్ష అన్ని దేశాలలోనూ తప్పనిసరిగా ఉండనక్కరలేదని 2003లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం నిర్ణయించినది. ‘తంతి వచ్చింది’ అనగానే ఇంటిల్లిపాదీ గతుక్కుమన్న మన దేశంలో 2013 జులై 14తో తంతి సేవయే ముగిసినది. ఒకనాడు ఈ విద్య ఉద్యోగమిచ్చేది, నేడు ఇవ్వదు. ఒకనాడు చట్టం అడిగేది. నేడు చాలచోట్ల అడగదు. అయినను నేర్చేవారు నేర్చుకొంటూనే ఉన్నారు.

పాతదాని మీద మమకారమని దీనికి సులువుగా సమాధానం చెప్పవచ్చును. చరిత్రను కొంచెం త్రవ్వి చూస్తే ఆ సమాధానం చాలదని తేలుతుంది. ఏలయన, అంతే మమకారంతో పెంచుకొన్న మరొక పాత యంత్రాన్ని ఈ ఔత్సాహికులే తమ చేతులతో విడిచిపెట్టినారు. అది నిప్పురవ్వ యంత్రం.

తొలినాటి నిస్తంత్రీ ప్రసారం రవ్వతోనే సాగినది. రెండు లోహపు గుబ్బల నడుమ అధిక విద్యుత్తు ఫెళ్లున దూకినప్పుడు పుట్టిన కంపనం తీగ మీదుగా ఆకాశంలోనికి పోయేది. అమెరికాలో బడిపిల్లలు సైతం ఫోర్డు మోటారులోని రవ్వచుట్టను తెచ్చి, గాజుసీసాలకు లోహపు రేకులు చుట్టి, ఇంటి అటక మీద ప్రసారయంత్రాన్ని అమర్చుకొన్నారు. వినడానికి గెలీనా అనే సీసపు ఖనిజపు పలుకు, దానిమీద ఆనించిన సన్నని తీగ చాలేవి. అట్టి గెలీనా సాధనానికే మన జగదీశ్‌చంద్ర బోసు 1901లో దరఖాస్తు చేసి, 1904లో అమెరికా ప్రభుత్వపు పేటెంటును పొందినారు. రవ్వ యంత్రపు గర్జన, నీలి వెలుగు, గదిలో నిండే ఘాటైన వాసన, ఇవన్నీ ఆ తరంవారికి ప్రాణసమానాలు.

కాని రవ్వకు ఒక పెద్ద దోషం ఉన్నది. అది తన త్రోవన తాను పోదు. ఇరుకు వీథిలో ఏనుగు నడిచినట్లు, ఇరుపక్కలనున్న తరంగాలనన్నిటినీ త్రొక్కుకొంటూ పోతుంది. ఒక ఊరిలో ఒకడు మీట నొక్కితే చుట్టుప్రక్కలవారు మరేదీ వినలేకపోయేవారు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిన తరువాత ఈ గందరగోళం మీద ప్రభుత్వాల దృష్టి పడినది. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికా చేసిన చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకు తక్కువ పొడవుగల తరంగాలకు పరిమితం చేసినది. దూరప్రయాణానికి అవి పనికిరావని ఆనాటి పెద్దల నమ్మకం. ఒక విధంగా అది దేశబహిష్కారమే.

ఆ బీడుభూమిలోనే వారు పంట పండించినారు. 1914లో హైరం పెర్సీ మాక్సిం ప్రోద్బలంతో అమెరికన్ రేడియో రిలే లీగు ఏర్పడినది. 1921 డిసెంబరులో ఆ సంఘం పంపగా పాల్ గాడ్లీ అనే ఔత్సాహికుడు అట్లాంటిక్‌ను దాటి, స్కాట్లండులోని ఆర్‌డ్రాసన్ వద్ద, సముద్రపు గాలికి కొట్టుకొనే గుడారంలో కూర్చొని స్వదేశపు ఔత్సాహికుల సంకేతాలను విన్నాడు. అట్లు వినవచ్చిన కేంద్రాలలో ఎక్కువ భాగం రవ్వవి కావు, వాల్వులవి. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నుండి లియోఁ దెలువా, అమెరికా నుండి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల తరంగం మీద ఉభయులూ సంభాషించినారు. పనికిరాదన్న తరంగమే ప్రపంచాన్ని చుట్టే త్రోవ అయినది.

దానితో రవ్వకు కాలం చెల్లినది. వాల్వు పుట్టించే తరంగం ఎడతెగనిది, సన్ననిది, పొరుగువానిని త్రొక్కదు. 1920ల చివరికి ఔత్సాహికులకు రవ్వ నిషిద్ధమైనది. 1927లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం మిగిలిన రవ్వ కేంద్రాలకు కూడ గడువులు విధించినది. దాని గర్జనను తలచుకొని బాధపడినవారు ఉన్నారు. తిరిగి తెమ్మని పట్టుబట్టినవారు మాత్రం నిలువలేదు. మోర్సు సంకేతం రవ్వతో పాటు చావలేదు. పాత ఇంటినుండి దీపాన్ని కొత్త ఇంటికి తెచ్చుకొన్నట్లు, వారు దానిని వాల్వు యంత్రంలోనికి తెచ్చుకొన్నారు.

ఈ చేతిపని మన ప్రాంతాలకు దూరపు కథ కాదు. 1921లోనే కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తుకు ఔత్సాహికునిగా అనుమతి లభించినది. మద్రాసులో 1924 మే 16న ఔత్సాహికులు కొందరు సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో రేడియో క్లబ్బును స్థాపించి, జులై 31న ప్రసారాలు ఆరంభించినారు. ధనాభావంచేత 1927లో క్లబ్బు మూతపడగా, వారి ప్రసారయంత్రం మద్రాసు కార్పొరేషనుకు చేరినది. 1930 ఏప్రిల్ 1నుండి కార్పొరేషను ప్రసారాలు సాగించినది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమైనవి. మన ఇండ్లలో పాట మ్రోగకమునుపు ఎవరో కొందరు రాత్రివేళ తీగలు అతుకుతూ కూర్చున్నారన్నమాట.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. రవ్వ పోయి మోర్సు ఏల నిలిచినది? మొదటి కారణం, అది ఆక్రమించే చోటు చాల స్వల్పం. మామూలు పద్ధతిలో మాటను ప్రసారం చేయడానికి ఔత్సాహికునికి సుమారు 6,000 హెర్ట్జ్‌ల వెడల్పు కావలెను. దానిని సగానికి కుదించిన ఏకపార్శ్వ పద్ధతిలో సుమారు 3,000. మోర్సుకు దాదాపు 150 చాలును. ఉన్న శక్తి అంతా ఆ సన్నని త్రోవలో పోతుంది గనుక, మాట మునిగిపోయిన హోరులో కూడ చుక్క తేలుతుంది. 5 వాట్లకు మించని శక్తితో, అనగా పడకగదిలోని చిన్న దీపానికి చాలినంత విద్యుత్తుతో, ఖండాలు దాటి పలుకరించడమే వ్రతంగా పెట్టుకొన్నవారు అనేకులున్నారు.

రెండవ కారణం, అట్టి యంత్రం ఒక మనిషి తలలో ఇముడుతుంది. ఒక్క వాల్వో, ఒక్క ట్రాన్సిస్టరో, ఒక స్ఫటికం, కొన్ని తీగచుట్టలు. ఏది ఎందుకున్నదో చేసినవానికి తెలుసును. చెడితే తానే బాగుచేసుకొంటాడు. మూతవిప్పినా ఏమియు అర్థంకాని యంత్రాల నడుమ బ్రతుకుతున్న మనకు ఇది చిన్న సుఖం కాదు.

కాని న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. మోర్సే అన్నిటికంటె దూరం పోతుందని నేడు వాదించడానికి వీలులేదు. 1993లో భౌతికశాస్త్రంలో నోబెలు బహుమానం పొందిన జోసెఫ్ టేలరు, తాను స్వయంగా ఔత్సాహికుడు, స్టీవెన్ ఫ్రాంకెతో కలిసి 2017లో ఎఫ్.టి. 8 అనే పద్ధతిని వెలువరించినాడు. చెవికి అసలు అందని సంకేతాన్ని కూడ కంప్యూటరు దానిలో పట్టుకొనగలదు. లక్షణంగా పనిచేస్తుంది, లోకమంతటా వ్యాపించినది. అయితే అందులో సంభాషించేవి యంత్రాలు. మనుష్యులు ప్రక్కన కూర్చొని చూస్తారు.

మోర్సులో ఉన్నది మనుష్యుని చేయి. ఏ ఇద్దరి నడకా ఒకటిగా ఉండదు. ఒకరి గీత కొంచెం సాగుతుంది. ఒకరి చుక్క త్వరపడుతుంది. ఆంగ్లంలో దీనికి ‘పిడికిలి’ అనే అర్థమిచ్చే మాట ఉన్నది. మేమైతే చేవ్రాలు అంటాము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటనులో శత్రువుల ప్రసారాలను విన్నవారు, వారిలో ఔత్సాహికులు అనేకులు, గూఢలిపి అర్థం కాకపోయినా పంపుతున్న చేతిని గుర్తుపట్టేవారు. నిన్న ఒకచోట విన్న చేయి నేడు మరొకచోట వినవస్తే, ఆ సేన కదిలినదని తెలిసేది.

మాకు పరిచయమున్న ఒక పెద్దలు ఇట్లే ముఖమెరుగని స్నేహితునితో ఏండ్ల తరబడి సంభాషించినారు. రానురాను ఆవలి గీతలు సాగినవి, చుక్కలు తడబడినవి. “ఆయనకు వయస్సు వచ్చిందని నా చెవికి తెలిసిందండీ” అని మాతో అన్నారు. కొంతకాలానికి ఆ పిలుపు వినరాలేదు. అయినను వారు అదే వేళకు, అదే తరంగం మీద, కొన్ని నెలలు చెవియొగ్గి కూర్చున్నారు. ఏ కంప్యూటరు అక్షరమూ తన వార్ధక్యాన్ని అట్లు చెప్పదు.

ఈ విద్యను నిలుపుకోవడానికి వారు పర్వదినాలను కూడ ఏర్పరచుకొన్నారు. ఏటా జనవరి 1న అమెరికా సంఘం పాతరకపు మీటతోనే పంపే వేడుకను జరుపుతుంది. స్వీడనులోని గ్రిమెటన్‌లో 1922–24 నడుమ నిర్మించిన ప్రసారకేంద్రం 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరినది. అందులో వాల్వు కూడ లేదు. మహాచక్రం తిరిగి 17.2 కిలోహెర్ట్జ్‌ల తరంగాన్ని పుట్టిస్తుంది. ఏటా క్రిస్మసు ముందురోజున, వేసవిలో ఒకనాడు దానిని త్రిప్పి మోర్సు సందేశం పంపడం ఆచారం; ఔత్సాహికులు దేశదేశాల నుండి దానికై కాచుకొని వింటారు. అంత పాత యంత్రానికి నేటికీ ఆకాశంలో చోటు దొరకడానికి కారణం, అది పుట్టించేది ఎడతెగని సన్నని తరంగం కావడమే. రవ్వ యంత్రానికి ఆ గౌరవం లేదు. దాని స్థానం అద్దాల బీరువాలో.

కావున పాతది అయినంతమాత్రాన ఏదియు నిలువదు. ప్రేమించినంతమాత్రాన కూడ నిలువదు. ఇతరుల చోటును మ్రింగినది పోయినది. కొంచెం చోటుతో తృప్తిపడి, తన లోపలిదానిని దాచక, మనుష్యుని చేతికి పనిచెప్పినది నిలిచినది. అయితే ఇది పుస్తకంతో నిలిచే విద్య కాదు. పద్యపు నడక వలె ఒక చెవినుండి మరొక చెవికి రావలెను. నడుమ ఒక తరం చెవి మూసుకొంటే, అక్షరాల పట్టిక మిగులుతుందే గాని నడక మిగులదు.

ఈసారి రాత్రివేళ ముల్లును త్రిప్పుతూ ఉండగా రెండు కేంద్రాల నడుమ ఆ చప్పుడు వినవస్తే, ఒక్క నిమిషం ఆగండి. గీత, చుక్క, గీత అని ముగిస్తే, ఎవరో తమ మాట ముగించి బదులు కొరకు చెవియొగ్గినారని తెలుసుకోండి.