కృత్రిమ మూత్రపిండము

గూడూరు కూడలి స్టేషనులో తెల్లవారుజామున రైలుకొఱకు వేచియుండువారు పలువిధములవారు. నిమ్మపండ్ల వర్తకులు, కచేరీపనులవారు, తిరుపతి యాత్రికులు. ఇరువదియేండ్లకు పూర్వము వారి నడుమ నా తమ్ముడును నేనును వారమునకు రెండుదినములు కూర్చుండెడివారము. మేము పోవునది నెల్లూరునకు. పని, తమ్ముని రక్తమును యంత్రముచే శుద్ధిచేయించుకొని వచ్చుట. వైద్యులు దానిని డయాలిసిస్ అందురు. ఆ చికిత్స యెట్లు పుట్టినది, ఎవరికందినది, ఎవరికందలేదు అను చరిత్రమును నేడు శ్రోతలకు మనవిచేసెదను.

మన పూర్వులు మూత్రపిండములను వృక్కములనిరి. మూత్రాశయములోని రాతిని శస్త్రముతో తీయు విధానమును సుశ్రుతుడు వివరముగా వ్రాసెను. కాని చరకసంహిత వృక్కములను మేదస్సును వహించు మార్గములకు మూలముగా చెప్పినదేకాని, రక్తమును వడగట్టునవిగా చెప్పలేదు. సంస్కృతము చదువుకొన్నవాడనైనను ఇది యొప్పుకొనుటకు నాకు సంకోచములేదు. నేటి శాస్త్రము ననుసరించి ఒక్కొక్క మూత్రపిండమునందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. రెండును కలిసి దినమునకు 180 లీటరుల ద్రవమును వడగట్టి, అందు ఒకటి రెండు లీటరులను మాత్రమే మూత్రముగా విడిచి, తక్కినదానిని రక్తమునకే మరల నొసగును. ఆ పని నిలిచెనా, యూరియా మొదలగు మాలిన్యములును, ఉప్పును, నీరును దేహమున పేరుకొని ప్రాణమునకే ముప్పు తెచ్చును.

ఈ పనిని దేహమునకు వెలుపల చేయవచ్చునను నూహకు పునాది వేసినవాడు థామస్ గ్రాహమ్ అను స్కాట్లండు రసాయనశాస్త్రజ్ఞుడు. పలుచని పొరగుండ ఉప్పువంటి పదార్థములు దాటిపోవుననియు, జిగురువంటివి నిలిచిపోవుననియు చూపి, ఆ క్రియకు 1861లో డయాలిసిస్ అని నామకరణము చేసెను. 1913లో అమెరికాలో జాన్ జేకబ్ ఏబెల్ కుక్కల రక్తమును గొట్టములద్వారా నడపి శుద్ధిచేసి చూపెను. రక్తము గడ్డకట్టకుండుటకు జలగలనుండి తీసిన పదార్థమును వాడెను. 1924లో జర్మనీలో గేయార్గ్ హాస్ ఈ ప్రయోగమును మొదటిసారి మనుష్యునియందు చేసెను. అయినను వీరివలన రోగులకు ప్రాణరక్షణ కలుగలేదు.

ఆ యదృష్టము హాలండులోని కాంపెన్ అను చిన్నపట్టణమున పనిచేయుచున్న విల్లెం కోల్ఫ్ అను యువవైద్యునిది. అప్పుడు దేశము జర్మనుల యాక్రమణలో నుండెను. యుద్ధకాలమగుటచే ఏ వస్తువును సుళువుగా దొరకదు. ఆయన మాంసపుతిండ్లకు చుట్టెడి సెల్లోఫేను గొట్టమును ఒక పెద్ద పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో దానిని త్రిప్పుచు, 1943లో రోగుల రక్తమును అందు ప్రవహింపజేసెను. తొలిరోగులు ఇంచుమించు అందఱును మరణించిరి. ఆయన మానలేదు. 1945లో స్పృహదప్పిన 67 ఏండ్ల వృద్ధురాలు ఆ యంత్రముచే కన్నులు తెఱచెను. ఆమె శత్రుపక్షమునకు తోడ్పడినదని చెఱలో నుంచబడినది. ఆమెను బ్రతికింప నేల యని పలువురనుకొని యుందురు. వైద్యుడు మాత్రము రోగినే చూచెను, పక్షమును చూడలేదు. యుద్ధానంతరము తన యంత్రములను ఇతరదేశముల ఆసుపత్రులకు ఉచితముగా పంపెను.

అయితే ఆ యంత్రము కొలదిదినముల యాపదను గడుపునదే. ప్రతిసారియు క్రొత్తగా రక్తనాళమును కోయవలసియుండుటచే, మూత్రపిండములు శాశ్వతముగా చెడినవారికి అది పనికిరాలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతియందు నిలిచియుండు టెఫ్లాన్ గొట్టము నమర్చెను. మొదటగా దానిని పొందిన క్లైడ్ షీల్డ్స్ మఱి పదునొకండేండ్లు జీవించెను. మార్గము దొరకినది, చిక్కు వచ్చినది. యంత్రములు కొన్ని, రోగులు పెక్కుమంది. అప్పుడు ఏడుగురు పౌరులతో నొక సంఘ మేర్పడినది. ఎవరికి పిల్లలు ఎందఱు, ఆదాయమెంత, దేవాలయమునకు పోవువారేనా యని విచారించి, ఎవరికి చికిత్స యీయవలయునో వారు నిర్ణయించిరి. 1962లో ఒక పత్రికలో ఈ సంగతి వెలువడగా లోకము నివ్వెఱపోయినది. 1972లో అమెరికా ప్రభుత్వము ఆ వ్యయమును తానే వహించుటకు శాసనముచేసినది.

మనదేశమున ఈ చికిత్స 1960 తరువాతి తొలియేండ్లలో రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో ఆరంభమయ్యెను. 1971లో అచ్చటనే మూత్రపిండమును మార్చు శస్త్రచికిత్సయు జయప్రదముగా జరిగెను. గూడూరునుండి రేణిగుంటమీదుగా కాట్పాడికి రైలుమార్గ ముండుటచే మాసీమవారికి ఆ యాసుపత్రి పరిచితమే. నా తమ్ముని కాలమునకు నెల్లూరుననే యంత్రములు వచ్చినవి. వైద్యులు వారమునకు మూడుమారులు రమ్మనిరి. లెక్కలు చూచుకొని తమ్ముడు, “రెండుచాలు నన్నా, పిల్లల చదువులు చూడవలదా?” అనెను. నేను వలదని గట్టిగా చెప్పలేకపోతిని. సియాటిల్‌లో ఏడుగురు కూర్చుండి చేసిన నిర్ణయమును మా యింటి అరుగుమీద మేమిద్దరమే చేసితిమి. పద్దుపుస్తకము నాచేతనే యుండెను. తమ్ముడు రెండేండ్లు మాత్రమే బ్రతికెను.

అతడు పోయిన మూడేండ్లకు, 2007లో, మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము వచ్చినది. పేదలకు ఈ చికిత్స దానివలన ఉచితమైనది. 2016లో కేంద్రప్రభుత్వము జిల్లా ఆసుపత్రులలో డయాలిసిస్ జరుపుటకు జాతీయ కార్యక్రమమును ప్రకటించినది. శ్రీకాకుళముజిల్లా ఉద్దానము గ్రామములలో మూత్రపిండవ్యాధి పెక్కుకుటుంబములను పీడించుచున్నది. దానికి కారణ మింకను నిర్ధారణ కాలేదు. వారికొఱకు 2023లో పలాసలో ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. తలుపు కొంచెము కొంచెముగా తెఱచుకొనుచున్నది.

కాని తలుపు తెఱచినంతమాత్రమున పని ముగియదు. యంత్రము పనిచేయునది వారమునకు పండ్రెండుగంటలు. తక్కినకాలము రోగి యింటివారి చేతిలో నుండును. నీరు కొలతగా త్రాగవలెను. మనతీరమున రోగిని చూడబోవువారు కొబ్బరిబొండమును, అరటిపండ్లను తీసికొనిపోవుట మర్యాద. ఈ రోగికి వానిలోని పొటాషియము గుండెను నిలిపివేయగలదు. సూదిగ్రుచ్చు చేతికి బరువెత్తింపరాదు, రక్తపుపోటు చూడరాదు. దాహము తాళలేనప్పుడు తమ్ముడు మా యూరి నిమ్మచెక్కను నాలుకపై నుంచుకొని కన్నులు మూసికొనెడివాడు.

మీ వీథిలో ఇట్టి రోగి యున్నచో బొండము తీసికొనిపోకుడు. ఒకనాడు ఆసుపత్రికి తోడుపొండు. మూడవమాఱు మానుకొందునని అతడన్నచో, నావలె ఊరకుండకుడు.