వేలు చేసిన పని లేజర్‌కి ఎలా వచ్చింది

సూరత్‌లో లేజర్ అంటే ముందుగా గుర్తొచ్చేది డాక్టర్లు కాదు, వజ్రాలవాళ్లు. ముడి వజ్రాన్ని రెండుగా కోయాలంటే ఒకప్పుడు పల్చటి ఫాస్ఫర్ బ్రాంజ్ బ్లేడు గంటల తరబడి తిరగాల్సి వచ్చేది. 1990లలో సహజానంద్ లాంటి స్థానిక సంస్థలు లేజర్ కోత యంత్రాలు తయారుచెయ్యడం మొదలుపెట్టాక వరాఛా, కతార్‌గామ్ కార్ఖానాల తీరు మారిపోయింది. అక్కడి పనివాళ్లకు తెలిసిన ఒక చిన్న కిటుకు ఉంది. వజ్రం పారదర్శకం కాబట్టి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ కాంతి ఊరికే దానిగుండా వెళ్లిపోతుంది. అందుకని కోత మొదలవ్వాల్సిన చోట నల్లటి పూత పూస్తారు. పూత కాంతిని పట్టుకుంటుంది. ఆ వేడికి కింది వజ్రం గ్రాఫైట్‌గా మారుతుంది, ఆ గ్రాఫైట్ మళ్లీ కాంతిని పీల్చుకుంటుంది, కోత అలా లోపలికి దిగుతుంది.

కాంతికి ఎంత బలం ఉందన్నది తర్వాతి మాట. దాన్ని పీల్చుకునేది ఎదురుగా ఉందా లేదా అన్నది ముందు చూడాలి. ప్రోస్టేట్ లేజర్ల కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. చివరికి మాత్రం మరో చోటికి చేరింది.

సూరత్‌లో కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందంటే అక్కడ మనవాళ్లు ఎందరున్నారో ఊహించుకోవచ్చు. లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద వయసు కరిగించిన మగవాళ్లలో చాలామందికి, మిగతా ఊళ్లవాళ్లకు లాగానే, అరవై దాటాక రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం, ధార సన్నబడడం, ఒక్కోసారి మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం మొదలవుతాయి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతోపాటు పెరిగి నాళాన్ని నొక్కడమే దీనికి కారణం. ఇది క్యాన్సర్ కాదు. మందులకు లొంగకపోతే ఆపరేషన్ అంటారు. అప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న, ‘ఏ లేజర్ మంచిది డాక్టర్‌గారూ?’

జవాబు కోసం లేజర్ పుట్టక ముందుకి వెళ్లాలి. పీటర్ ఫ్రేయర్ అనే ఐరిష్ సర్జన్ ఇండియన్ మెడికల్ సర్వీసులో ఇరవై ఏళ్లకు పైగా ఉత్తర భారతంలో పనిచేసి, మూత్రాశయంలో రాళ్లు పగలగొట్టడంలో చెయ్యి తిరిగినవాడని పేరు తెచ్చుకున్నాడు. లండన్ తిరిగి వెళ్లాక, 1900 డిసెంబర్‌లో, ఒక వృద్ధుడి పొత్తికడుపు కోసి, మూత్రాశయంలోంచి వేలు పెట్టి పెరిగిన ప్రోస్టేట్‌ని చుట్టూ ఒలిచి బయటికి తీశాడు. ఈ పద్ధతి తనదేనని గట్టిగా చెప్పుకున్నాడు. న్యూయార్క్‌లో యూజీన్ ఫుల్లర్ అంతకు కొన్నేళ్ల ముందే చేశాడని పెద్ద తగాదా నడిచింది. ఎవరిది ముందైనా, అందులోని కీలకం ఒకటే. పెరిగిన భాగానికీ, దాన్ని చుట్టి ఉన్న పొరకీ మధ్య ఒక సహజమైన సందు ఉంది. బత్తాయి తొక్కకీ తొనలకీ మధ్య ఉన్నట్టు. వేలు ఆ సందులో పడితే మొత్తం ఊడి వస్తుంది. కానీ కడుపు కొయ్యాలి, రక్తం బాగా పోతుంది.

అందుకే కోత లేకుండా మూత్రనాళం దారినే వెళ్లే మార్గం వెతికారు. 1926లో మాక్సిమిలియన్ స్టెర్న్ రిసెక్టోస్కోప్ తయారుచేశాడు, కొన్నేళ్లకు జోసెఫ్ మెకార్తీ దానికి మెరుగులు దిద్దాడు. విద్యుత్తు పారే తీగ ఉచ్చుతో గ్రంథిని లోపలినుంచి చిన్న చిన్న ముక్కలుగా చెక్కుకుంటూ రావడమే ఇప్పటికీ డాక్టర్ల నోట ‘టర్ప్’. కొలబద్దగా నిలిచింది ఇదే. దీని లోపం, కరెంటు పక్కకి పాకకుండా గ్లైసిన్ లాంటి ఉప్పులేని ద్రవంతో లోపల కడుగుతూ ఉండాలి. అది తెగిన రక్తనాళాల్లోంచి ఒంట్లోకి ఎక్కితే రక్తంలో సోడియం పడిపోతుంది. అందుకే సర్జన్ కన్ను గడియారం మీద ఉండేది. గంట దాటకూడదు. మరీ పెద్ద గ్రంథి అయితే మళ్లీ కడుపు కోతే.

1960లో మైమన్ తొలి లేజర్ వెలిగించాడు. 1964లో ఒక్క బెల్ ల్యాబ్స్‌లోనే రెండు పుట్టాయి, ఎన్‌డీ-యాగ్, కార్బన్ డయాక్సైడ్ లేజర్. రెండోదాన్ని చేసినవాడు బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. బయటి చర్మం మీద గొప్పగా పనిచేసే ఆ లేజర్ ఇక్కడ అక్కరకు రాలేదు. నీళ్లు దాన్ని పూర్తిగా మింగేస్తాయి, మామూలు గాజు తీగగుండా అది ప్రయాణించదు. ప్రోస్టేట్ దగ్గరేమో అంతా నీళ్లే.

1990ల మొదట్లో మెల్‌బోర్న్‌లో ఆంథొనీ కాస్టెల్లో ఎన్‌డీ-యాగ్‌తో ప్రయత్నించాడు. సూరత్ వజ్రాలను కోసిన 1064 నానోమీటర్ల కాంతే ఇది. వజ్రంలో ఎదురైన చిక్కే ఇక్కడా ఎదురైంది. నీళ్లు గానీ రక్తం గానీ దాన్ని గట్టిగా పట్టుకోవు. దాంతో అది కండలోకి సుమారు సెంటీమీటరు లోతు దాకా దిగి, కొయ్యకుండా ఉడికించేది. ఆపరేషన్‌లో రక్తం కారేది కాదు, చూడటానికి ముచ్చటగా ఉండేది. ఆ తర్వాత వారాల తరబడి ఉడికిన కండ రాలుతూ ఉంటే రోగికి మంట, మూత్రం పైపు తియ్యలేని బాధ. లేజర్ అంటే కొందరు సర్జన్లకు అప్పుడు పుట్టిన అనుమానం చాలాకాలం పోలేదు.

తర్వాత దారి రెండుగా చీలింది. ఒక దారిలో, 1064ను కేటీపీ స్ఫటికంగుండా పంపి సగం చేశారు, 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి వచ్చింది. వజ్రాలవాళ్లూ తర్వాత ఈ గ్రీన్ లేజర్‌కే మారారు. రక్తంలోని హిమోగ్లోబిన్ దీన్ని ఆబగా పీల్చుకుంటుంది, లోతు మిల్లీమీటరు కూడా దాటదు, కండ ఆవిరైపోతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రెజా మాలెక్ 60 వాట్లతో మొదలుపెడితే, యంత్రం 80, 120, 180 వాట్లకు ఎదిగింది. 2014లో వచ్చిన గోలియత్ అనే యూరప్ పరీక్షలో 180 వాట్ల యంత్రం ఆరు నెలల ఫలితాల్లో టర్ప్‌కి తీసిపోలేదు. రక్తం పల్చబడే మందులు ఆపలేని గుండె రోగులకు ఇది వరం. కానీ ఆవిరైపోయాక ల్యాబ్‌కి పంపడానికి ముక్క మిగలదు. ఊహించని క్యాన్సర్ ఏదైనా దాగి ఉంటే తెలియదు. దీని గొప్పలు చెప్పేటప్పుడు ఈ మాట కాస్త చిన్న గొంతుతో చెబుతుంటారని నాకనిపిస్తుంది.

రెండో దారి న్యూజీలాండ్‌లో టౌరంగా అనే రేవు పట్టణంలో పడింది. అక్కడ పీటర్ గిల్లింగ్, మార్క్ ఫ్రాన్‌డార్ఫర్ హోల్మియం లేజర్ పట్టుకున్నారు. దాని 2100 నానోమీటర్ల కాంతిని నీళ్లు పీల్చుకుంటాయి. కండలో నీళ్లే ఎక్కువ గనక అది 0.4 మిల్లీమీటర్లలోనే ఆగిపోతుంది, ఉప్పునీళ్లలో పనిచేస్తుంది, సోడియం భయం లేదు. మొదట కండను ఆవిరి చేశారు, బాగా ఆలస్యమైంది. తర్వాత ముక్కలుగా కోశారు, ప్రతి ముక్కా నాళంలోంచి దూరేంత చిన్నదిగా ఉండాలి కాబట్టి అదీ ఆలస్యమే. అప్పుడు ముక్కలు చెయ్యడమే మానేశారు. ఫ్రేయర్ వేలు దూరిన సందులోకి లేజర్ తీగని దూర్చి, భాగాలను మొత్తంగా ఒలిచి మూత్రాశయంలోకి తోసేశారు. అక్కడ మార్సెలేటర్ అనే సాధనంతో తురిమి పీల్చేశారు. 1998లో దీన్ని ప్రకటించారు. అదే హోలెప్. గ్రంథి ఎంత పెద్దదైనా సరే, కడుపు కోత అక్కర్లేదు. ల్యాబ్‌కి కావలసినంత కండ మిగులుతుంది.

మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు 40 గ్రాములు దాటిన గ్రంథులున్న 150 మందిని మూడు సమాన గుంపులు చేసి, హోలెప్‌ని టర్ప్ తరహా పద్ధతులతో పోల్చి, 2006లో ఫలితాలు ప్రచురించారు. హోలెప్‌లో రక్తం తక్కువ పోయింది, పైపు త్వరగా తీసేశారు. ఆపరేషన్‌కి మాత్రం ఎక్కువ సమయం పట్టింది, మొదట్లో మంట కూడా కొందరికి ఎక్కువగానే ఉంది.

ఆ తర్వాత థూలియం వచ్చింది. ముందు యాగ్ స్ఫటికంతో నిరంతరంగా వెలిగేది, దాని వెనక 1940 నానోమీటర్ల థూలియం ఫైబర్ లేజర్. ఈ రెండోది, ఆ చుట్టుపక్కల తరంగాల్లో నీళ్లు కాంతిని అత్యధికంగా పీల్చే చోటికి దాదాపు సరిపోతుంది. లోతు ఇంకా తక్కువ, రక్తం ఆగడం బాగుంటుంది. యంత్రం చిన్నది, గాలితోనే చల్లబడుతుంది, మామూలు ప్లగ్గులో పెడితే చాలు. పెద్ద హోల్మియం యంత్రానికి విడిగా కరెంటు ఏర్పాటు చేసుకున్న ఆస్పత్రులకు ఇది తక్కువ సంగతి కాదు. హోల్మియం తయారీదార్లూ ఊరుకోలేదు, పల్స్ ఆకారాన్ని మార్చి మోజెస్ అనే పద్ధతి తెచ్చారు.

ఇంతదాకా వచ్చాక పోలికలు పల్చబడ్డాయి. హోల్మియంతో ఒలిచినా, థూలియంతో ఒలిచినా, అసలు లేజర్ లేకుండా బైపోలార్ కరెంటుతో ఒలిచినా, ధార వేగంలోనూ రోగి ఇచ్చే మార్కుల్లోనూ పెద్ద తేడా కనిపించడం లేదు. ఏ సాధనంతో చేసినా ఒలిచే పని ఒకటే గనక అన్నిటినీ ఒకే పేరు కింద చేర్చాలని యూరప్ సర్జన్లు వాదించారు, ఆ వాదన నిలబడింది. వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోవడం అన్నిటిలోనూ ఎక్కువమందికి ఉంటుంది, ఏ కాంతీ దాన్ని తప్పించలేదు. తేడా కనపడేది చేతిలో. సందు కనిపెట్టి దాన్ని వదలకుండా పోవడం నేర్చుకోవడానికి ఒక్కో సర్జన్‌కి ఇరవై నుంచి యాభై కేసులు పడతాయంటారు. హోలెప్ పుట్టి పాతికేళ్లు దాటినా చాలా ఊళ్లలో టర్ప్ నడుస్తున్నది అందుకే.

కాబట్టి సూరత్‌లో గానీ వరంగల్‌లో గానీ తండ్రిని ఆపరేషన్‌కి తీసుకెళ్లే కొడుకు యంత్రం పేరు అడిగే ముందు మూడు సంగతులు అడగవచ్చు. గ్రంథి ఎన్ని గ్రాములు? రక్తం పల్చబడే మందులు ఆపాలా? మీరు ఇప్పటిదాకా ఎన్ని ఒలిచారు?