బెండు నిటారుగా లేచింది

పెనుగంచిప్రోలు దగ్గర మున్నేరు నడుమ ఇసుక తిన్నె మీద నిలబడి ఉన్నావు. ఒడ్డుకీ నీకూ మధ్య ఒక పాయ. పొద్దున దాటినప్పుడు పిక్కల లోతే. చెప్పులు నీళ్ల అంచున విడిచావు. ఆగస్టు నెల, కానీ ఎండ చుర్రుమంటోంది. ఒక్క మబ్బు లేదు.

జేబులో రెండు బెండ్లు. ఒకటి నెమలి ఈక కాడ, అగ్గిపుల్ల కంటే కాస్త లావు. రెండోది జీలుగు బెండు, ఉసిరికాయంత. ఏది కడతావు? చెరువులో అయితే ఈకే. పరిగె పిల్ల మూతి తగిలించినా తలూపుతుంది. ఇక్కడ నీరు లాగుతోంది. ఈకని అలే ముంచేస్తే చేప పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది? జీలుగు బెండే కట్టు. ఇంతకంటే లావుదైతే వద్దు. లాగేటప్పుడు బరువు తెలిసిందంటే చేప ఎరని ఉమ్మేసి పోతుంది. పైకొసకి ఇంట్లో దొరికిన గోళ్లరంగు పూశావు. నీళ్లు తళతళలాడుతుంటే ఆ ఎర్రచుక్క ఒక్కటే కంటికి ఆనుతుంది.

ఎరని గాలానికి గుచ్చి విసురుతావు. బెండు నిటారుగా నిలబడింది. సీసం అడుగుకి అందలేదన్నమాట. బెండుని దారం మీద జానెడు పైకి జరిపి మళ్లీ విసురుతావు. ఇప్పుడు పక్కకి ఒరిగింది. సీసం ఇసుక మీద కూర్చుంది. అడుగున మేసే చేప కోసం ఇలాగే ఉండాలి.

టిక్. టిక్. చిన్నచేపలు కొరుకుతున్నాయి. లాగకు. పెద్దది ఇలా గిల్లదు.

కాసేపటికి బెండు లేచి నిటారుగా నిలబడుతుంది. చేపా? కదలిక లేదు. ఇంకో జానెడు జరుపుతావు. ఒరుగుతుంది. కర్ర రెండో చేతికి మార్చుకునేలోపు మళ్లీ నిటారు.

చేప కాదిది. లోతు పెరుగుతోంది.

అంచుకేసి చూస్తావు. ఒకే చెప్పుంది. నీరు టీ రంగుకి తిరిగింది. నురగ, ఎండుపుల్లలు. ఇక్కడ చినుకు పడలేదు, నిజమే. మున్నేరు వచ్చేది వరంగల్లు, ఖమ్మం వైపు నుంచి. అక్కడ రాత్రి కురిసిన వాన ఇప్పుడు నీ కాళ్ల దగ్గరికొచ్చింది. 2023 జులైలో ఇదే ఏరు కింద నందిగామ దగ్గర ఐతవరంలో హైవే ఎక్కి హైదరాబాద్ బస్సుల్ని ఆపేసింది. టీవీలో చూశావు కూడా.

వెళ్లాలి. గాలం చుట్టబోతావు.

బెండు బుడుంగున మునిగింది.

కర్ర విల్లులా వంగింది. పెద్దది. పొద్దుట్నుంచీ దీని కోసమే కదా కూర్చుంది.

"ఒరే అబ్బాయ్! వచ్చెయ్ ఇవతలికి!" ఒడ్డు మీద గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన. "వచ్చిన దారిన రాకు, అక్కడ ఇసుక తీసిన గుంటుంది! పైనించి రా!"

చేపా? పాయా?

దారం పళ్ల మధ్య పెట్టి కొరుకుతావు. తెగదు. మళ్లీ. తెగింది. కర్ర మాత్రం వదలకు. దాంతో ముందు తడిమి చూడు, తర్వాత అడుగు వెయ్యి.

మోకాలు. తొడ. కింద ఇసుక జారుతోంది. ఎదురుగా తిరుగు. పక్కకి అడుగెయ్యి. పొడుచు. గట్టిగానే ఉంది. ఇంకో అడుగు. నడుము. కర్ర దిగిపోయింది. అటు కాదు. ఇటు. తుంగ దుబ్బు. కండువా కొస. పట్టుకో.

ఒడ్డు.

మోకాళ్లు వణుకుతున్నాయి. పెద్దాయన తిట్లు ఇంకా అవలేదు. మొదట నీ తెలివిని, తర్వాత మీ నాన్నని తిట్టి, చివరికి బీడీ ముట్టించి, "బెండు ఎన్నిసార్లు జరిపావు?" అంటాడు.

"రెండుసార్లు, తాతా."

"మొదటిసారికే లేవాల్సింది."

తిన్నె కనిపించడం లేదు. ఎర్రనీళ్ల మీద పుల్లలన్నీ కీసర వంతెన వైపు పరుగెడుతున్నాయి. వాటి మధ్య ఎర్రచుక్క ఒకటి తేలి, మునిగి, మళ్లీ తేలుతుంది. కొత్తనీరొస్తే చేప ఎదురెక్కుతుంది. బెండుని లాక్కుంటూ ఖమ్మం వైపు పోతోంది.